పుస్తక చర్చలో ఆరుగురే మిగిలారా? ఆరుగురు చాలు

మీరు చెప్పింది క్లుప్తంగా ఇదీ: చిన్న ఊరి లైబ్రరీలో నెలకోసారి పొద్దున పదిన్నరకి పుస్తక చర్చ మొదలుపెట్టారు, మొదటిసారి 17 మంది వచ్చారు, నాలుగో నెలకి ఆరుగురు మిగిలారు. ఆ ఆరుగురిలో ఇద్దరు పుస్తకం తెరవనే లేదు, ఒక రిటైర్డ్ పెద్దాయన గంటన్నరలో ముప్పావుగంట తనే మాట్లాడేస్తున్నారు, లైబ్రేరియన్ గారేమో ఇంతమాత్రానికి హాలెందుకు అన్నట్టు చూస్తున్నారు. ఆపేయనా, నడపనా అని మీ ప్రశ్న.

నడపండి. ఇలాంటి పొద్దుటిపూట గ్రూపుని నేను 11 ఏళ్లు నడిపాను, మొదటి రెండేళ్లూ దాదాపు అన్నీ తప్పులే చేశాను కాబట్టి చెప్పడానికి కాస్త సరుకు ఉంది.

ముందు ఆ లెక్క సంగతి. 90 నిమిషాలని 17 మందికి పంచితే మనిషికి ఐదు నిమిషాల పైచిలుకు వస్తుంది, అదీ మీరు నోరు విప్పకుండా ఉంటేనే. ఆరుగురైతే 15 నిమిషాలు. ఏ పుస్తకం గురించైనా మనిషి "బాగుంది" దాటి రెండో మాటకి రావాలంటే ఐదు నిమిషాలు ఏ మూలకీ రావు. నేను చూసినంతలో ఆరు నుంచి పది మంది ఉంటే చర్చ, పన్నెండు దాటితే సభ. సభకి మైకు కావాలి, మైకు వచ్చిందంటే ఉపన్యాసం వచ్చినట్టే. మొదటిరోజు వచ్చిన వాళ్లలో సగంమంది ఇదేమిటో చూసిపోదామని వచ్చినవాళ్లే, వాళ్లు పోయినందుకు బాధపడక్కర్లేదు. రెండోసారి కూడా వచ్చి మూడోసారి మానేసినవాళ్లు ముగ్గురో నలుగురో ఉంటారు చూడండి, వాళ్లకి ఫోన్ చెయ్యండి. "ఎందుకు రాలేదు" అని అడిగితే మొహమాటానికి ఏదో ఒకటి చెప్తారు. "పుస్తకం దొరికిందా" అని అడగండి. నాకు వచ్చిన జవాబుల్లో సగానికి పైగా దొరకలేదనే.

పుస్తకాలు దొరక్కపోవడమే చిన్న లైబ్రరీల్లో అసలు కష్టం, మనం దాన్ని జనాల బద్ధకం కింద జమకట్టేస్తుంటాం. లైబ్రరీలో ఆ పుస్తకం ఉండేది ఒక కాపీ, మహా అయితే రెండు. మొదటివాళ్లు తీసుకెళ్లి రెండు వారాలు ఉంచుకుంటే రెండోవాళ్లకి చేరేసరికి నెల అయిపోతుంది. దీనికి దారులున్నాయి. పుస్తకాల పట్టికని కనీసం మూడు నెలలు ముందుగా ఖాయం చెయ్యండి, అప్పుడు వేరే శాఖల నుంచీ వేరే లైబ్రరీల నుంచీ కాపీలు తెప్పించడానికి లైబ్రేరియన్‌కి టైం దొరుకుతుంది. కొన్ని చోట్ల పెద్ద లైబ్రరీలు ఒకే పుస్తకం ఎనిమిది, పది కాపీలని ఒక సంచిలో పెట్టి, ప్రశ్నల కాగితం కూడా జతచేసి గ్రూపులకి ఇస్తాయి. మీకు దగ్గరలో అలాంటి ఏర్పాటు ఉందో లేదో ఒకసారి అడగండి, అడగనివాళ్లకి ఆ సంగతి ఎవరూ చెప్పరు. కాపీరైటు తీరిపోయిన పాత రచనలైతే ఇంకా తేలిక. దేశాన్ని బట్టి రచయిత పోయాక 50, 60 లేదా 70 ఏళ్లకి చాలాచోట్ల ఆ హక్కు తీరిపోతుంది. అలాంటి పుస్తకాలని 1971లో మొదలైన ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్ ఉచితంగా ఇస్తోంది, 2005లో మొదలైన లిబ్రివాక్స్‌లో వలంటీర్లు వాటిని చదివి రికార్డు చేసి పెడుతున్నారు. చూపు తగ్గినవాళ్లు వినొచ్చు. వినడం కూడా చదవడమే, మీ గ్రూపులో ఆ వాదన మొదలైతే మాత్రం వెంటనే ఆపెయ్యండి, ఒక పూట మింగేస్తుంది. హక్కు తీరని పుస్తకాన్ని మాత్రం పూర్తిగా జెరాక్స్ తీయించి పంచకండి, అందరూ చేసేదే కదా అని లైబ్రరీ గదిలో చేస్తే లైబ్రేరియన్ ఇరుక్కుంటారు.

ఇవేవీ కుదరకపోతే ఇంకోటి ఉంది, మీ పరిస్థితికి నేను ముందు చెప్పాల్సింది ఇదేనేమో. ఇంటి దగ్గర ఎవరూ ఏమీ చదవక్కర్లేని పద్ధతి. ఇంగ్లండ్‌లో లివర్‌పూల్ కేంద్రంగా ద రీడర్ అనే సంస్థ దీన్ని బాగా వ్యాప్తిలోకి తెచ్చింది. ఒక కథో, నవలలో ఒక అధ్యాయమో, ఒక కవితో అక్కడికక్కడే పైకి చదువుతారు, మధ్యమధ్యలో ఆగుతారు, ఆగినచోట మాట్లాడుకుంటారు. ఒక్క కాపీ చాలు. చదవనివాళ్లు అనే కులమే ఉండదు. నేను దీన్ని మొదట్లో చిన్నపిల్లల క్లాసులా ఉంటుందని కొట్టిపారేశాను. తర్వాత ఒక నెల పుస్తకాలు సమయానికి రాకపోతే వేరే గతిలేక పదిహేను పేజీల కథ ఒకటి చదివాం, నాలుగుచోట్ల ఆగాం. అప్పటిదాకా తల ఊపడం తప్ప మాట్లాడని ఒకావిడ మూడోచోట ఆగినప్పుడు "ఇక్కడ ఇతను అబద్ధం చెప్తున్నాడండీ" అంది. మిగతావాళ్లం ఎవరం కనిపెట్టలేదు, వెనక్కి వెళ్లి రెండు పేజీలు మళ్లీ చదివితే ఆవిడే కరెక్టు. అప్పటినుంచి ఏడాదిలో మూడు నాలుగు నెలలు ఇలాగే చేశాం.

చదవకుండా వచ్చేవాళ్ల సంగతి. అమెరికాలో 1947లో రాబర్ట్ హచిన్స్, మార్టిమర్ ఆడ్లర్ మొదలుపెట్టిన గ్రేట్ బుక్స్ ఫౌండేషన్ వాళ్ల చర్చా పద్ధతిలో నియమం గట్టిగానే ఉంటుంది: చదివినవాళ్లే చర్చలో పాల్గొనాలి. న్యాయమే. నేను అది రెండు నెలలు అమలుచేసి నలుగురిని పోగొట్టుకున్నాను. కాలేజీలో పనికొచ్చే నియమం చిన్న ఊరి లైబ్రరీలో పనికిరాకపోవచ్చు, ఇక్కడ మనుషులు పుస్తకం కోసం ఎంత వస్తారో మనుషుల కోసమూ అంతే వస్తారు. అందుకని మధ్యేమార్గం: చదవనివాళ్లు మొదటి అరగంట వింటారు, ఆ తర్వాత ప్రశ్నలు అడగొచ్చు, అభిప్రాయం చెప్పకూడదు. నమ్మరుగానీ చదవనివాళ్లు అడిగే ప్రశ్నలు చాలాసార్లు చదివినవాళ్ల అభిప్రాయాలకంటే పదునుగా ఉంటాయి. ముగింపు ముందే తెలిసిపోతుందని గొడవపడేవాళ్లు ఉంటారు కాబట్టి, కథ చివరిదాకా మాట్లాడుకుంటాం అని మొదటిరోజే చెప్పేయండి.

మొదలుపెట్టి వదిలేసినవాళ్లది వేరే కేసు. సియాటిల్‌లో పనిచేసిన లైబ్రేరియన్ నాన్సీ పెర్ల్ ఒక లెక్క చెప్పింది: 50 పేజీలు చదవండి, అప్పటికీ పట్టుకోకపోతే వదిలేయండి. వయసు 50 దాటితే 100లోంచి మీ వయసు తీసేసి, మిగిలినన్ని పేజీలు చాలు. అంటే 70 ఏళ్ల మనిషి 30 పేజీలు చదివి పక్కన పెట్టేయొచ్చు. పొద్దుటిపూట గ్రూపుల్లో పెద్దవాళ్లే ఎక్కువ కాబట్టి ఈ లెక్క చెప్పగానే నవ్వులు, ఆ తర్వాత ఎవరూ "చదవలేకపోయానండీ" అని తల దించుకోరు. ఏ పేజీలో వదిలేశారు, అక్కడేం జరిగిందని అడగండి. ముగ్గురు వేరువేరుగా ఒకే అధ్యాయం దగ్గర వదిలేశారంటే ఆ పూటకి కావాల్సిన చర్చ దొరికినట్టే.

ఇక చర్చ నడిపే పద్ధతి. ఇక్కడ నా పరువు తీసుకునే కథ ఒకటి చెప్పాలి. మొదటి ఏడాది నేను ప్రతి పుస్తకానికీ నాలుగు పేజీల నోట్సు రాసుకుని వెళ్లేవాణ్ని, రచయిత పుట్టుక, కాలం, శైలి, ప్రతీకలు, అన్నీ. అందరూ చక్కగా వినేవారు. గ్రూపు బ్రహ్మాండంగా నడుస్తోందనుకున్నాను. ఒకరోజు అయిపోయాక ఒక అమ్మాయి, రాత్రి షిఫ్టు దిగి నేరుగా వచ్చేది, ఒక చీటీ చేతిలో పెట్టింది. ఎవరెవరు ఎన్ని నిమిషాలు మాట్లాడారో రాసింది. 90లో నావి 52. మీ పెద్దాయన ముప్పావుగంటే మాట్లాడుతున్నారు, నయం. నాకు రెండురోజులు కోపం వచ్చింది, తర్వాత సిగ్గేసింది, తర్వాత నోట్సు మానేసి ప్రశ్నలు రాసుకోవడం మొదలుపెట్టాను. నడిపేవాళ్లు ప్రశ్న అడగాలి, జవాబు చెప్పకూడదు. నేను నేర్చుకున్నదాంట్లో అన్నిటికంటే ముఖ్యమైంది ఇదే, పాటించడం కూడా ఇదే అన్నిటికంటే కష్టం.

ఇందాక చెప్పిన గ్రేట్ బుక్స్ వాళ్లు ప్రశ్నలని మూడు రకాలుగా చూస్తారు. పుస్తకంలో ఏముందో అడిగేది ఒకటి, దాని అర్థమేమిటో అడిగేది రెండోది, దాన్ని మనం ఒప్పుకుంటామా లేదా అని అడిగేది మూడోది. ఎక్కువమంది నేరుగా మూడోదానికి దూకేస్తారు, "ఆ భార్య చేసింది తప్పంటారా" అని. అంతే, పుస్తకం పక్కకిపోయి ఎవరి కాపురం గురించి వాళ్లు మాట్లాడుకుంటారు, లేదా రాజకీయాల్లోకి వెళ్తారు. మీరు రెండో రకంలో ఎక్కువసేపు ఉండేలా చూసుకోండి. "ఆవిడ ఉత్తరం చించేసి మళ్లీ ఎందుకు అతికించింది?" ఇలాంటిది. దీనికి జవాబు పుస్తకంలోంచే తియ్యాలి, ఒకటికంటే ఎక్కువ జవాబులు నిలబడాలి, మీకు కూడా ఖాయంగా జవాబు తెలిసి ఉండకూడదు. మీకు తెలిసిపోతే అది ప్రశ్న కాదు, పరీక్ష. ఆ వాసన జనం ఇట్టే పసిగట్టి నోరు మూసుకుంటారు. గంటన్నరకి ఇలాంటివి నాలుగు చాలు, నేను ఆరు రాసుకుని వెళ్లి ఎప్పుడూ మూడు దాటలేదు. "పుస్తకం ఎలా ఉంది" అని మాత్రం మొదలుపెట్టకండి, మొదటి మనిషి బాగుంది అంటే మిగతావాళ్లు మర్యాదకి బాగుందనే అంటారు. ఎవరైనా బొత్తిగా దారితప్పితే ఒకే మాట, "అది పుస్తకంలో ఎక్కడుందండీ, పేజీ చెప్పండి". కొట్లాటలకి కూడా ఇదే మందు, పేజీలు తిరగేస్తూ కోపంగా ఉండటం కష్టం.

ప్రశ్న అడిగాక ఆగాలి. మేరీ బడ్ రో అనే అమెరికన్ పరిశోధకురాలు క్లాసుల్లో టీచర్లని గమనించి, 1970ల్లో ప్రచురించిన ఫలితం ఇది: ప్రశ్న అడిగాక టీచర్లు సగటున ఒక్క సెకను మాత్రమే ఆగుతున్నారు. దాన్ని మూడు సెకన్లు చేస్తే పిల్లల జవాబులు పెద్దవయ్యాయి, ఎవరూ అడక్కుండానే మాట్లాడేవాళ్లు పెరిగారు, తెలియదు అనేవాళ్లు తగ్గారు. మనం పెద్దవాళ్లతో కూర్చుంటాం కాబట్టి నేను మనసులో పది లెక్కపెట్టేవాణ్ని. ఆరు దగ్గర ప్రాణం పోతుంది. ఎనిమిది దగ్గర ఎవరో ఒకరు గొంతు సవరించుకుంటారు.

మీ పెద్దాయన విషయం. ఆయన్ని వదులుకోకండి, ప్రతిసారీ పూర్తిగా చదివి వచ్చే మనిషి ఆయనేనని నా అనుమానం. ఆయన్ని మీకు ఎదురుగా కాకుండా పక్కన కూర్చోబెట్టండి. ఎదురుగా ఉన్న మనిషితో కళ్లు కలుస్తాయి, కళ్లు కలిస్తే అది మాట్లాడమన్నట్టే. పక్కనున్న మనిషికి ఆ అవకాశం తక్కువ, పైగా చేతిమీద మెల్లగా చెయ్యి వేసి ఆపొచ్చు. మొదట్లోనే వరసగా ఒక్కొక్కరూ ఒక్కో నిమిషం మాట్లాడాలని పెట్టండి, వరస ఆయనకి అటువైపు నుంచి మొదలుపెట్టండి, ఆయన వంతు చివరికి వస్తుంది. ఆయనకి ఒక పని ఇవ్వండి: రచయిత గురించి మూడు నిమిషాలు, లేదా మనం మాట్లాడుకోబోయే పేజీని పైకి చదవడం. ఇవన్నీ చేశాక కూడా ఆగకపోతే అందరి ముందూ కాదు, బయట నడుస్తూ చెప్పండి, "మీరు చెప్పేస్తే మిగతావాళ్లకి చెప్పడానికి ఏమీ మిగలట్లేదండీ" అని. అబద్ధమూ కాదు, అవమానమూ కాదు.

ఇది కొత్త జబ్బేమీ కాదు. బెంజమిన్ ఫ్రాంక్లిన్ 1727లో ఫిలడెల్ఫియాలో స్నేహితులతో జుంటో అని ఒక చర్చా బృందం పెట్టుకున్నాడు, వాళ్లు శుక్రవారం సాయంత్రాలు కలిసేవారు. అక్కడ "ఇది ఇంతే" అని బల్లగుద్ది చెప్పడం, ఎదుటివాడి మాటని ముఖం మీదే ఖండించడం నిషేధించారు, తప్పినవాళ్లకి చిన్న జరిమానా కూడా ఉండేదని తన ఆత్మకథలో రాసుకున్నాడు. జరిమానా మీరు పెట్టలేరు గానీ ఆ నియమాన్ని నవ్వుతూ చదివి వినిపించొచ్చు, ఎవరికి తగలాలో వాళ్లకి తగులుతుంది. ఇంకో సంగతి, ఆ బృందంవాళ్లు మొదట తమ సొంత పుస్తకాలు తెచ్చి ఒకచోట పెట్టుకున్నారు, అది సరిగ్గా సాగక 1731లో చందాలతో లైబ్రరీ పెట్టారు. అంటే అక్కడ చర్చే ముందు, లైబ్రరీ తర్వాత. హాలెందుకు అనే లైబ్రేరియన్ గారికి ఇది ఉపయోగపడుతుంది.

పొద్దుటిపూట కాబట్టి కొన్ని ప్రత్యేకం. వచ్చేది రిటైరైనవాళ్లు, రాత్రి డ్యూటీవాళ్లు, పిల్లల్ని స్కూల్లో దింపి వచ్చేవాళ్లు, చీకటిపడ్డాక బయటికి రాలేనివాళ్లు. లైబ్రరీ తలుపు తీయగానే మొదలుపెట్టకండి, ఆ మొదటి అరగంట సిబ్బందికి ఊపిరి సలపదు. చెప్పిన టైముకి ముగించండి, స్కూలు నుంచి పిల్లని తెచ్చుకోవాల్సిన తల్లి గడియారం చూడటం మొదలుపెట్టిందంటే ఆవిడ వరకు చర్చ అయిపోయినట్టే. తేదీ మార్చకండి, రెండో బుధవారం అంటే రెండో బుధవారమే, మీకు జ్వరమొస్తే ఇంకొకరు నడపాలి. వయసుతోపాటు ముందు తగ్గేది సన్నని, పైస్థాయి శబ్దాల వినికిడి, అంటే స, ఫ, త లాంటివి కలిసిపోయి మాట వినపడుతుంది గానీ ముక్క అర్థంకాదు. అలాంటివాళ్లు పెదాలు చూసి పూరించుకుంటారు. కిటికీకి వీపుపెట్టి కూర్చున్నవాళ్ల ముఖం నీడలో ఉంటుంది కాబట్టి, పొద్దుటెండ పడే కిటికీ వైపు ఎవర్నీ కూర్చోబెట్టకండి. నేను ఇది ఐదో ఏట గాని తెలుసుకోలేదు, అప్పటిదాకా ఒకాయన మౌనంగా ఉంటే ఆసక్తి లేదనుకున్నాను. పెద్ద అక్షరాల ప్రతి దొరికితే, అంటే 16 పాయింట్లో అంతకంటే పెద్దదో, ముందు దాన్ని అడిగి తెప్పించండి. మీరు పంచే ప్రశ్నల కాగితం కూడా ఆ సైజులోనే తీయండి.

పుస్తకం ఎంచుకోవడంలో ఓటింగ్‌ని నేను నమ్మను, గట్టి గొంతువాళ్ల పుస్తకమే గెలుస్తుంది. వరసగా ఒక్కొక్కరికీ ఒక నెల ఇవ్వండి, వాళ్లు మూడు చెప్తే మీరు కాపీలు దొరికేదాన్ని ఖాయం చేయండి. రోజుకి పది పేజీల లెక్కన నాలుగు వారాలకి 280 పేజీలు, అంతకంటే లావు పుస్తకాన్ని రెండు నెలలకి విడగొట్టండి. అందరికీ నచ్చే పుస్తకం కోసం వెతక్కండి, అందరికీ నచ్చిన పుస్తకం మీద చర్చ ఇరవై నిమిషాల్లో చల్లారిపోతుంది. సగంమందికి ఒళ్లుమండే పుస్తకం గంటన్నర నడుస్తుంది. చిన్న ఊళ్లో ఇంకో ప్రమాదం ఉంది, ఎవరో ఒకరు తను రాసిన పుస్తకం తెస్తారు. రచయితని ఎదురుగా పెట్టుకుని నిజం చెప్పే ధైర్యం ఎవరికీ ఉండదు. దానికి వేరే రోజు సన్మానసభ పెట్టుకోండి, చర్చలోకి మాత్రం రానివ్వకండి.

లైబ్రేరియన్ గారి సంగతి చివరిగా. ఆయనకి తలలు లెక్కపెట్టే అలవాటు, పైనుంచి అడిగేది అదే కదా. మీరు ఇంకో లెక్క రాసి ఇవ్వండి: ఈ నెల చర్చ కోసం ఎన్ని పుస్తకాలు ఇష్యూ అయ్యాయి, అందులో ఏళ్ల తరబడి ఎవరూ తీయనివి ఎన్ని, కొత్తగా ఎన్ని సభ్యత్వాలు వచ్చాయి. మన దేశపు గ్రంథాలయ శాస్త్రవేత్త ఎస్.ఆర్. రంగనాథన్ 1931లో చెప్పిన ఐదు సూత్రాలు ఆయన కోర్సులో చదివే ఉంటారు, మొదటిది పుస్తకాలు వాడకానికే అని, మూడోది ప్రతి పుస్తకానికీ తన పాఠకుడు ఉండాలని. బీరువాలో పదేళ్లుగా కదలని పుస్తకాన్ని ఆరుగురు చదివిన నెల, ఆ కార్డు మీద తేదీల ముద్రలు ఆయనకే చూపించండి. ఇంకా ఒప్పుకోకపోతే హాలు వదిలేసి పత్రికల గదిలో ఒక మూల బల్ల అడగండి, ఆరుగురికి అది చాలు, పైగా పేపరు చదవడానికి వచ్చినవాళ్లు చెవులు రిక్కిస్తారు. మా గ్రూపులో ముగ్గురు అలా వచ్చినవాళ్లే. ఒప్పుకుంటే మాత్రం 12 నెలల తేదీలూ ఒక కాగితం మీద రాసి సంతకం పెట్టించుకోండి, ఆయన బదిలీ అయితే కొత్తగా వచ్చేవారితో మళ్లీ మొదట్నుంచి మొదలవుతుంది.

వచ్చే నెలకి నవల వద్దు. పదిహేను పేజీల కథ ఒకటి తీసుకోండి, ఎక్కడెక్కడ ఆగాలో పెన్సిల్‌తో నాలుగు గీతలు పెట్టుకోండి, పైకి చదవడం ఆ పెద్దాయనకి ఇవ్వండి. మొదటి గీత దగ్గర ఆయన ఆగాక మీరు ప్రశ్న అడిగి పది లెక్కపెట్టండి.